పదిహేడు తరవాత పద్దెనిమిది

మూడు కవర్లూ భోజనాల బల్ల మీదే ఉన్నాయి. సాయంత్రం నుంచి ఎవరూ వాటిని ముట్టుకోలేదు.

కంచాలు పెట్టడానికి చోటు చాలక అత్తగారు వాటిని పక్కకి జరపబోతే, "అక్కడే ఉండనివ్వండి అత్తయ్యా" అంది కోడలు. ఆ గొంతు విని ఆవిడ కంచాలు మళ్ళీ వంటింట్లోకి పట్టుకుపోయింది. ఈ పూట ఈ ఇంట్లో ముద్ద దిగేది ఎవరికి కనక.

"చివరిసారి అడుగుతున్నాను. ఎక్కడికెళ్ళావు?"

కూతురు తల ఎత్తలేదు. బల్ల అంచున చెక్క పెచ్చు లేచిన చోట గోటితో గీకుతూ కూర్చుంది.

"ఇది నాలుగో చివరిసారి" అన్నాడు తండ్రి మెల్లిగా.

"మీరు మధ్యలో మాట్లాడకండి."

"సరే" అన్నాడాయన. ఒక డాక్టరుగారి దగ్గర ఇరవై ఏళ్ళుగా కాంపౌండరు. రోజుకి వందమంది విసుగు విని విని, ఎవరి కోపాన్నీ ఒంటికి పట్టించుకోవడం మానేసిన మనిషి.

"ఇరవై మూడు రోజులు. ఒకటీ రెండూ కాదు. పొద్దున్నే యూనిఫాం వేసుకుని, జడలు వేయించుకుని, బాక్సు సర్దించుకుని, నా కళ్ళ ముందే..." అంటూ ఆమె ఆగిపోయింది. నిజానికి కళ్ళ ముందు కాదు. కూతురికంటే అరగంట ముందే తను బడికి వెళ్ళిపోతుంది. ఆ అరగంటలోనే కొంప మునిగింది.

కూతురు చదివే బడీ, ఆమె పనిచేసే బడీ ఒకటే. అక్కడి మూడువందల మంది ఆడపిల్లలూ చాటుగా ఆమెకి పెట్టుకున్న పేరు రిజిస్టరమ్మ. ఆ పేరు ఆమెకి తెలియదని వాళ్ళనుకుంటారు. తెలుసు. తెలిసి లోలోపల కాస్త మురిసిపోతుంది కూడా. పదకొండేళ్ళుగా ఆ బడిలో హాజరు లెక్కలు ఆమె చేతిలోనే ఉన్నాయి. చెప్పకుండా అయిదు రోజులు మానితే మొదటి నోటీసు, పది రోజులకి రెండోది, పదిహేనుకి మూడోది. ఇరవై దాటితే పరీక్షకి కూర్చోనివ్వరు, ఏడాది పోయినట్టే. నోటీసులో ప్రతి వాక్యం ఆమె రాసిందే. 'తమ కుమార్తె ఏ సమాచారమూ ఇవ్వకుండా' అని మొదలవుతుంది. చివర 'కారణం' అని ఒక గడి ఉంటుంది.

బల్ల మీద ఉన్నవి ఆ మూడు నోటీసులే. కవర్ల మీద ఉన్నవి తన భర్త పేరూ, తన ఇంటి చిరునామా.

ఇంత జరిగినా ఆమెకి తెలియకపోవడానికి కారణం ఆమె నిజాయితీయే. ఎవరితో చెప్పుకున్నా నవ్వుతారు. రెండేళ్ళ కిందట కూతుర్ని అదే బడిలో చేర్చిన రోజున, ఆ తరగతి రిజిస్టరు తీసుకెళ్ళి పెద్దగుమస్తాగారి బల్ల మీద పెట్టింది. "మా అమ్మాయి ఉన్న తరగతి నేను ముట్టుకోనండీ. రేపెవరైనా వేలెత్తి చూపిస్తే తల ఎక్కడ పెట్టుకోను" అంది. కూతురితో కూడా చెప్పింది. "బడి గేటు దాటాక నేను నీకు అమ్మని కాను. ఆఫీసు గడప తొక్కకు" అని. పిల్ల తొక్కలేదు. తల్లి ఆ రిజిస్టరు తెరవనూ లేదు. ఆ తరగతిలో ఎవరికి నోటీసు వెళ్ళాలో పెద్దగుమస్తాగారు చీటీ రాసిస్తే, పంపడం వరకే ఆమె పని.

పెద్దగుమస్తాగారు ఈ సాయంత్రం సొరుగులోంచి మూడు కవర్లూ తీసి ఇస్తూ, ఆయనే తప్పు చేసినట్టు గొణిగారు. "మీకు తెలియకుండా ఉంటుందా అనుకున్నానమ్మా. మీ ఇంటికి నోటీసేమిటి, బాగుండదని నా దగ్గరే ఉంచాను. మధ్యలో రెండుసార్లు అడిగాను కూడా, అమ్మాయికి ఒంట్లో ఎలా ఉందని."

అడిగారు. ఆమెకి గుర్తుంది. "నిక్షేపంలా ఉందండీ" అని నవ్వుతూ చెప్పింది.

"రేపు మధ్యాహ్నానికల్లా జాబితా పెద్దమేడమ్‌ గారికి ఇవ్వాలి" అన్నారాయన. "ఇరవై దాటినవాళ్ళ జాబితా. పద్దెనిమిదో నంబరు అందులో ఉందమ్మా."

ఆ పద్దెనిమిదో నంబరు ఇప్పుడు ఎదురుగా కూర్చుని చెక్క పెచ్చు పీకుతోంది.

"సినిమాలకా?" అంది తల్లి.

పెచ్చు ఇంకాస్త లేచింది.

"ఎవరైనా ఉన్నారా? ఉంటే ఇప్పుడే చెప్పు. చంపనులే."

దానికి పిల్ల తల ఎత్తి తల్లి వంక చూసింది. జాలిపడ్డట్టు చూసింది. ఆ చూపు తల్లికి చెంపదెబ్బకంటే గట్టిగా తగిలింది.

"చూశారా దాని చూపు? చూశారా?"

"చూశాను" అన్నాడు తండ్రి. "ఇదిగో, నా మాట విను. ఎక్కడికెళ్ళిందో తరవాత తేల్చుకుందాం. ముందు ఏడాది పోకుండా చూడాలి. మెడికల్ సర్టిఫికెట్ ఉంటే పెద్దమేడమ్ మాఫీ చెయ్యొచ్చు కదా. పొద్దున్నే డాక్టరుగారి చేత రాయిస్తాను. కామెర్లు అందాం."

"పెద్దగుమస్తాగారు తేదీలు చదివి చెప్పారు. ఇరవై మూడు రోజులూ మంగళవారాలూ శుక్రవారాలేనండీ. ఒక్కటి కూడా అటూ ఇటూ కాదు. వారానికి రెండు రోజులే వచ్చిపోయే కామెర్లు ఏ డాక్టరు చూశాడు?"

"రోజులు ఎవరు చూస్తారు?"

"నేను చూస్తాను. నా పనే అది."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆ మాటలోని ఇబ్బంది ఇద్దరికీ ఒకేసారి తెలిసింది.

అప్పటిదాకా వంటింటి గుమ్మంలో నిలబడి ఉన్న అత్తగారు నడుం పట్టుకుంటూ వచ్చి కుర్చీలో కూలబడింది. కిందటేడు జారిపడ్డాక ఆవిడ నాలుగడుగులు వేయాలన్నా గోడో మనిషో కావాలి. నోటికి మాత్రం ఏ ఊతమూ అక్కర్లేదు.

"అమ్మాయ్, ఒక మాట చెప్తాను, కోప్పడకు. ఈ ఇంట్లో బట్టలు మెషీన్లో వేసేది నేను. మంగళవారం, శుక్రవారం ఈ పిడుగు యూనిఫాం విడిచాక, భుజం దగ్గర పాలు కక్కిన వాసనొస్తోంది. మొదట్లో డబ్బాలో పెరుగు ఒలికిందేమో అనుకున్నాను. ముగ్గుర్ని కని పెంచినదాన్ని, పెరుగేదో పసిపిల్ల కక్కేదేదో నాకు తెలీదూ?"

చిన్నప్పుడు ఇల్లు పీకి పందిరేసిన పిల్ల కనక ఆవిడ పెట్టుకున్న పేరు పిడుగు. ఇప్పుడా పిల్ల రోజుకి పది మాటలు మాట్లాడితే ఎక్కువ. పేరు మాత్రం మిగిలింది.

పెచ్చు గీకుతున్న గోరు ఆగిపోయింది.

"పసిపిల్లేమిటి?" అంది తల్లి.

"పదిహేడు వాళ్ళ చెల్లి" అంది కూతురు.

"ఎవరూ?"

"మా క్లాసులో పదిహేడో నంబరు. వాళ్ళ చెల్లికి ఎనిమిది నెలలు. వాళ్ళ నాన్న పనికని వెళ్ళి ఏడాదైంది, ఇంకా రాలేదు. వాళ్ళమ్మ ఆసుపత్రి లాండ్రీలో చేస్తుంది. దుప్పట్లవీ ఉతికేచోట. మంగళవారం, శుక్రవారం పగటి డ్యూటీ. మిగతా రోజులు సాయంత్రం. ఆ రెండు రోజులూ పాపని చూసేవాళ్ళు లేక పదిహేడు మానేసేది. నువ్వు మూడో నోటీసు పంపావు."

"పంపాను. రూలు ప్రకారమే పంపాను."

"అవును" అంది పిల్ల. ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. "దానికి ఇరవై నిండిపోయాయి. ఇంకొక్క రోజు మానితే పేరు పోతుంది. అందుకని ఆ రెండు రోజులూ నేను పాపని చూస్తున్నాను. అది బడికొస్తోంది."

తల్లికి ఒక సాయంత్రం గుర్తుకొచ్చింది. ఇదే బల్ల, ఇదే కుర్చీలు. భోంచేస్తూ తను ఎంతో గొప్పగా చెప్పింది. "నోటీసులంటే కాగితం ముక్కలని తీసిపారేస్తారు గానీ, మూడో నోటీసు పంపి, వాళ్ళమ్మ చేత సంతకం పెట్టించుకున్నాక ఒక పిల్ల ఎలా దారికొచ్చిందో చూశారా? అప్పట్నుంచి ఒక్క రోజు మానలేదు. గట్టిగా ఉంటేనే వీళ్ళు బాగుపడేది" అంది. ఆయన తల ఊపాడు. కూతురు మంచినీళ్ళ గ్లాసు ఖాళీ చేసి, లేచి చెయ్యి కడుక్కుంది. అది ఏ రోజు? ఆలోచిస్తే మంగళవారమే అయ్యుంటుంది.

"నాకెందుకు చెప్పలేదే?"

"చెప్తే ఏం చేసేదానివి?"

"ఏదో ఒకటి చేసేదాన్ని."

"పదిహేడు వాళ్ళమ్మ ఆఫీసుకొచ్చి అడిగింది కదమ్మా. ఆ రెండు రోజులూ పాపని ఎక్కడైనా ఒక మూల కూర్చోబెట్టుకుంటుందండీ అని. బడి పసిపిల్లలకి కాదమ్మా అన్నావట. కాగితం మీద సంతకం పెట్టించుకుని పంపేశావు."

ఆ కాగితమూ ఆమె రాసిందే. ఇలాంటివాళ్ళ కోసమే తయారుచేసిన హామీపత్రం. 'పసిబిడ్డను చూసుకొనుటకు ఇంట్లో మనిషి ఉన్నారు. ఇకపై మా అమ్మాయి ఒక్క రోజూ మానదు. ఇందులో ఏది నిజం కాదని తేలినా పేరు తొలగించవచ్చును.' ఆ లాండ్రీ మనిషి చదువుతున్నంత సేపూ పెదాలు కదిపి, సంతకం పెట్టింది. మనిషి ఎవరని రిజిస్టరమ్మ అడగలేదు. కాగితం నిండింది కనక ఫైల్లో పెట్టింది.

"అయితే అన్నీ నిజాలే రాసేద్దాం" అంది ఇప్పుడు. "నువ్వేమీ తప్పు తిరుగుళ్ళు తిరగలేదు. జరిగింది జరిగినట్టు పెద్దమేడమ్‌కి చెప్తాను."

"వద్దు." పిల్ల మొదటిసారి గొంతు పెంచింది. "నిజం మాత్రం రాయకమ్మా. ఇంట్లో మనిషి ఉన్నారని వాళ్ళమ్మ సంతకం పెట్టింది. లేరని తెలిస్తే దాని పేరు తీసేస్తారు. నాకు ఏడాది పోతే మళ్ళీ చదువుకుంటాను. దాని పేరు పోతే వాళ్ళమ్మ దాన్ని కూడా లాండ్రీలో పెట్టేస్తుంది. అనేసింది కూడా."

"అందుకే నేను కామెర్లంటున్నాను" అన్నాడు తండ్రి. "ఎవరికీ నష్టం లేదు."

తల్లి గత నెలలో ఒకావిడ తెచ్చిన ఇలాంటి సర్టిఫికెట్‌ని కవరు కూడా తెరవకుండా వెనక్కి తిప్పి ఇచ్చేసింది. "ఇవన్నీ చూసి చూసి నా తల పండిపోయిందమ్మా" అని కూడా అంది. ఆవిడ మొహం ఇప్పుడు స్పష్టంగా కళ్ళకి కట్టింది. అప్పుడు సరిగా చూడనేలేదు.

"ఏమైనా సరే, రేపు నువ్వు బడికి వస్తున్నావు. నాతోపాటు బయల్దేరుతున్నావు. చెయ్యి పట్టుకుని తీసుకెళ్తాను."

"రేపు మంగళవారం" అంది కూతురు.

అత్తగారు కొడుకు వంక చూసింది. కొడుకు బల్ల వంక చూశాడు.

"నా నడుమే సరిగ్గా ఉంటే" అని ఆవిడ ఎవరితోనూ కాకుండా అనుకుంది. "ఇంత దానికి ఇంత దూరం వచ్చేదా."

*

పొద్దున్న ఎనిమిదింటికే ఆయన డాక్టరుగారి ఇంటికి వెళ్ళి వచ్చాడు. గుమ్మంలో చెప్పులు తొడుక్కుంటున్న భార్య చేతిసంచిలో ఒక కవరు పెట్టాడు.

"పెట్టడం, పెట్టకపోవడం నీ ఇష్టం. ఉంటే మంచిది కదా అని."

"డాక్టరుగారు అడగలేదా?"

"అడిగారు. మా అమ్మాయికే అన్నాను. ఇంకేమీ అనలేదు." సంచి జిప్పు లాగి, "ఇరవై ఏళ్ళలో నేను ఆయన్ని ఏదీ అడగలేదు" అన్నాడు.

ఆమెకి ఆయన మీద కోపం రాలేదు. వచ్చుంటే బాగుండేదనిపించింది.

తల్లీకూతుళ్ళిద్దరూ బయల్దేరారు. కూడలి దగ్గర పిల్ల కాళ్ళు ఎడమవైపు సందులోకి తిరిగాయి. ఆ సందు చివర మూడంతస్తుల పాత మేడ, మెట్ల కమ్మీలకి ఆరేసిన బట్టలు. తల్లి దాని భుజం మీద చెయ్యి వేసింది. పట్టుకుని లాగలేదు, వేసింది అంతే. పిల్ల ఆగి, సందులోకి ఒకసారి చూసి, తిన్నగా నడిచింది.

"పదిహేడు నా కోసం చూస్తూ ఉంటుంది" అంది గేటు దగ్గర. ఆ తరవాత రూలు ప్రకారం అమ్మ కాని మనిషిని వదిలేసి తరగతిలోకి వెళ్ళిపోయింది.

ఆఫీసు కిటికీకి ఒక చెక్క అరుగు ఉంటుంది, ఆలస్యంగా వచ్చినవాళ్ళు సంతకం పెట్టడానికి. ఇవతల రిజిస్టరమ్మ కుర్చీ, వెనక ఫైళ్ళ బీరువా. పక్క బల్ల దగ్గర పెద్దగుమస్తాగారు అప్పటికే కళ్ళజోడు పెట్టుకుని జాబితా ముందేసుకుని ఉన్నారు. ఇంటి నుంచి చేత్తో పట్టుకొచ్చిన మూడు కవర్లూ ఆమె తన బల్ల మీద పెట్టగానే కళ్ళజోడు తీసి తుడిచారు. తుడిచిందే తుడుస్తూ ఉండిపోయారు.

"ఒకసారి ఆ రిజిస్టరు ఇలా ఇవ్వండి" అంది ఆమె.

"మీ అమ్మాయి తరగతిదా?"

"ఆ తరగతిదే."

రెండేళ్ళలో మొదటిసారి దాన్ని తెరిచింది. పదిహేడు, పద్దెనిమిది పక్కపక్క వరసలు. మూడు నెలల కిందటిదాకా పదిహేడుకి మంగళవారం, శుక్రవారం ఎర్రసిరా గుర్తులు. అక్కణ్ణుంచి పదిహేడు వరస తెల్లగా అయిపోయింది, ఎరుపంతా ఒక గీత కిందికి దిగి పద్దెనిమిదిలోకి వచ్చింది. ఎంత మసక చూపుకైనా కనపడుతుంది. ఎవరూ చూడలేదు. చూడాల్సిన మనిషి చూడనని ఒట్టు పెట్టుకుంది.

తొమ్మిదీ అయిదుకి కిటికీ దగ్గర అలికిడయింది.

పదిహేడో నంబరు పిల్ల. పరుగెత్తుకుని వచ్చిందేమో, ఒగురుస్తోంది. ఒక భుజానికి పుస్తకాల సంచి, ఇంకో భుజానికి గుడ్డసంచి, చంకలో పాప. అక్క యూనిఫాం కాలరు పాప నోట్లో పెట్టుకుని చప్పరిస్తోంది.

"మేడమ్, ఒకటి అడగొచ్చా?"

"అడుగు."

"మా ఇంట్లో చెల్లిని చూసుకునే... ఆ మనిషి ఇవాళ రాలేదు మేడమ్. అమ్మ డ్యూటీకెళ్ళిపోయింది. నేను చెల్లిని తీసుకుని ఇంటికి వెళ్ళిపోతాను. వచ్చి చెప్పి వెళ్తే ఆబ్సెంట్ వేస్తారా, వెయ్యరా అని అడుగుదామని వచ్చాను."

ఆ మనిషి ఎవరో పిల్ల చెప్పలేదు. చెప్పకుండా మింగేసి, ఎదురుగా ఉన్న ఆ మనిషి తల్లి మొహంలోకి భయంభయంగా చూసింది.

"వేస్తాం" అంది రిజిస్టరమ్మ. పదకొండేళ్ళ అలవాటు, నోరు దానంతట అదే అనేసింది.

"సరే మేడమ్. థాంక్యూ మేడమ్."

పిల్ల వెనక్కి తిరిగింది. ఏడవలేదు, బతిమాలలేదు. పాపని ఆ చంకలోంచి ఈ చంకలోకి మార్చుకుంది. గేటు మూయడానికి ఇంకో నాలుగు నిమిషాలుంది.

"ఆగు."

ఆగింది.

ఆమె లేచి నిలబడి చెక్క అరుగు మీదుగా రెండు చేతులూ చాచింది. ఆ చేతులెందుకు వచ్చాయో పిల్లకి వెంటనే అర్థం కాలేదు. సంతకం పెట్టే పుస్తకం కోసమనుకుని చుట్టూ వెతికింది.

"పాపని ఇలా ఇవ్వు. నువ్వు క్లాసుకి పో."

"మేడమ్..."

"పాలసీసా ఆ సంచిలోనేనా?"

"ఆ, అందులోనే. పదింటికి పాలు మేడమ్. ముందు కొంచెం గోరువెచ్చగా చెయ్యాలి. నిద్రొస్తే ఎడం చెవి పట్టుకుని లాక్కుంటుంది. పాట పాడితే ఇంకా ఏడుస్తుంది. ఎక్కాలు చెప్తే పడుకుంటుంది." పిల్ల గుక్క తిప్పుకోకుండా చెప్పి, కాస్త సిగ్గుపడింది. "అది మీ... ఆ మనిషి అలవాటు చేసింది మేడమ్. పరీక్షకి చదువుకుంటూ."

"ఎన్నో ఎక్కం?"

"పదమూడు దాటేలోపే పడుకుంటుంది మేడమ్."

పిల్ల పరుగున వెళ్ళిపోయింది. పాప కొత్త మొహం చూసి, పెదవి విరిచి, ఏడుద్దామా వద్దా అని కాసేపు ఆలోచించుకుంది. చివరికి రిజిస్టరమ్మ మెడలోని గుర్తింపు కార్డు తాడు అందుకుని నోట్లో పెట్టుకుంది. బరువు ఎక్కువే. ఈ బరువుని తన పదిహేనేళ్ళ పిల్ల ఇరవై మూడు రోజులు పొద్దస్తమానం మోసింది. ఆ సంగతి తలుచుకుంటే ఆమెకి దుఃఖం తన్నుకొచ్చింది. అందులో గర్వం కూడా ఉంది. దాన్ని ఎక్కడ దాచుకోవాలో తెలియలేదు.

"అమ్మా" అన్నారు పెద్దగుమస్తాగారు గాభరాగా. "పెద్దమేడమ్ వస్తున్నారు."

పెద్దమేడమ్ నెమ్మదస్తురాలు. అరవదు. తలుపు దగ్గరే ఆగి, కుర్చీలో కూర్చున్న మనిషినీ, ఒళ్ళోని పాపనీ, బల్ల మీది ఎర్రగీతల రిజిస్టరునీ వరసగా చూసింది.

"జాబితా అయిందా?"

"అయిందండీ" అన్నారు పెద్దగుమస్తాగారు.

పెద్దమేడమ్ గొంతు తగ్గించింది. "మీ అమ్మాయి నంబరు చూశాను. నిన్నంతా నాకు మనసు బాగాలేదు. సర్టిఫికెట్ ఏదైనా ఉందా? ఉంటే ఇప్పుడే పెట్టెయ్యండి, సంతకం చేసేస్తాను. మీ గురించి నాకు తెలీదా? పదకొండేళ్ళలో మీరు నన్ను ఒక్కటీ అడగలేదు."

చేతిసంచి కాళ్ళ దగ్గరే ఉంది. వంగితే అందుతుంది. ఆ కవరు తీసి పెడితే తన పిల్ల గట్టెక్కుతుంది. పదిహేడో నంబరుకీ ఏమీ కాదు. ఆయన చెప్పింది నిజమే, ఎవరికీ నష్టం లేదు. కానీ మూడు రోజుల్లో శుక్రవారం వస్తుంది. శుక్రవారం పొద్దున ఆ ఇద్దరు పిల్లల్లో ఎవరో ఒకరికి ఎర్రసిరా తప్పదు. ఆ సిరా తన చేతిలోదే.

నిజం మాత్రం రాయకమ్మా అని రాత్రి కూతురు అన్న మాట చెవిలోనే ఉంది.

పాప ఎడం చెవి పట్టుకుని లాక్కుంది.

ఆమె సంచి జోలికి పోలేదు. మూడో నోటీసు కవరులోంచి తీసి, బల్ల మీద పరిచి, పాప తన్నకుండా మోచెయ్యి అడ్డుపెట్టుకుని, 'కారణం' అన్న గడిలో జరిగింది జరిగినట్టు రాసింది. ఎప్పుడూ గుండ్రంగా రాసే చెయ్యి ఇవాళ వంకరలు పోయింది. రాసి, కాగితాన్ని పెద్దమేడమ్ వైపు తిప్పింది.

"మా అమ్మాయి మానిన ఇరవై మూడు రోజులకీ కారణం ఇదేనండీ" అంది. కాగితం చూపిస్తోందో, పాపని చూపిస్తోందో ఆమెకే తెలియదు.

పెద్దమేడమ్ చదివింది. రెండోసారి చదివింది. మొహంలోని మెత్తదనం కొంచెం కొంచెంగా తగ్గిపోయింది.

"పదిహేడో నంబరు వాళ్ళ పాపా?"

"అవునండీ."

"వాళ్ళమ్మ ఇచ్చిన హామీపత్రం నేను చూశాను. ఇంట్లో మనిషి ఉన్నారని రాసి ఉంది. అబద్ధమన్నమాట."

"అబద్ధం కాదు మేడమ్. మనిషి ఉంది. ఆ మనిషి మా అమ్మాయి. ఎవరని అడగకుండా సంతకం తీసుకున్నది నేను. తప్పుంటే నా దగ్గర మొదలుపెట్టండి."

"ఇవాళ మరి?"

"ఇవాళ నేను."

పెద్దగుమస్తాగారు కళ్ళజోడు మళ్ళీ తీశారు.

"ఇలా అందరూ బిడ్డల్ని తెచ్చి ఆఫీసులో పెడితే రేపు నేనేం చెప్పాలి?" పెద్దమేడమ్ గొంతు ఇప్పటికీ పెరగలేదు. అదే భయం. "మీరే కదా ఇన్నాళ్ళూ నాకు చెప్పింది, ఒకరికి సడలిస్తే పదిమంది వస్తారని. ఆ హామీపత్రం తియ్యండి. ఇద్దరి సంగతీ ఇప్పుడే తేల్చేద్దాం. రెండు పేర్లా, ఒక పేరా, అసలు ఏదీ లేదా, నేను ఆలోచించాలి. మీ ఉద్యోగం గురించి కూడా."

హామీపత్రం ఏ అరలో, ఏ ఫైల్లో, ఎన్నో కాగితమో ఆమెకి కళ్ళు మూసుకున్నా తెలుసు. ఒక చేత్తో పాపని భుజాన వేసుకుని, రెండో చేత్తో బీరువా తాళంచెవి తీసింది. పాప రాగం తీయడం మొదలుపెట్టింది. ఆమె పెదాలు కదిలీ కదలనట్టుగా పన్నెండో ఎక్కం అందుకున్నాయి. పన్నెండొకట్ల పన్నెండు, పన్నెండు రెళ్ళు ఇరవై నాలుగు.

తాళం తిరగలేదు. ఇంకోసారి తిప్పింది.

వరండాకి అవతల తరగతి గది కిటికీలు తెరిచే ఉన్నాయి. హాజరు పిలుస్తున్నారు. పధ్నాలుగు. పదిహేను. పదహారు. పిల్లల గొంతులు ఒక్కొక్కటీ ఒక్కో ఎత్తులో పలుకుతున్నాయి.

"పదిహేడు."

"ప్రెజెంట్ మేడమ్." ఇంకా కొంచెం ఒగురుస్తూనే ఉంది.

"పద్దెనిమిది."

ఒక్క క్షణం ఎవరూ పలకలేదు. తాళంచెవి పట్టుకున్న చెయ్యి అలాగే ఆగిపోయింది.

"ప్రెజెంట్ మేడమ్" అంది తన కూతురు గొంతు.

మూడు నెలల్లో మంగళవారం పూట ఆ రెండు నంబర్లూ ఒకదాని వెంట ఒకటి పలకడం ఇదే మొదటిసారి. పాప తల భుజం మీద బరువెక్కింది. పెద్దమేడమ్ కూడా ఆ పిలుపు విన్నది. విన్నట్టు మొహంలో తెలిసింది. అయినా కాగితం కోసం చాచిన చెయ్యి వెనక్కి తీసుకోలేదు.